నాయన సరే అంటే

కరెంటు పోయింది. ఎంటర్ కొట్టడానికి ఎత్తిన వేలు ఎత్తినట్టే ఉంది, ఫ్యాను రెక్కలు బద్ధకంగా నాలుగు చుట్లు తిరిగి ఆగాయి, బల్ల కింద యూపీఎస్ కాసేపు కుయ్యో మొర్రోమని మొత్తుకుని బ్యాటరీలో పస లేక అదీ ఊరుకుంది, నీలం తెర నల్లబడింది, అందులో నా ముఖం కనపడింది, చూడాలనిపించలేదు. "కోత టైము మార్చినట్లుండారప్పా, ఇంగ గంట దాకా రాదు" అన్నాడు ఈశ్వరప్ప సావుకారు, తన సొంత కరెంటు ఎవరో ఎత్తుకుపోయినట్టు ముఖం పెట్టి, పంచె కొంగుతో మెడ తుడుచుకుంటూ. గంట. ధర్మవరంలో ఎండాకాలం మధ్యాహ్నం, పట్టుచీరల అంగడి మిద్దె మీద, రేకుల కింద ఒక గంట కూర్చోవడమంటే ఏమిటో కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది. కింద చీరలకు మాత్రం చల్లగానే ఉంటుంది, మందపాటి గోడలు, బండపరుపు. మనుషులకు రేకులు చాలుననుకున్నారు. కిటికీ తీస్తే వేడిగాలి, మూస్తే ఉక్క, సగం తీసి పెట్టాను, రెండూ వచ్చాయి.

గదిలో ముగ్గురం. నేను, అంటే ఉమాదేవి, ఎంసీఏ ఆఖరి సెమిస్టరు; కుర్చీలో సావుకారు, గోడకు ఆనుకుని నేల మీద మా నాయన నరసింహులు. ఇంకో కుర్చీ ఖాళీగానే ఉంది, అయినా ఆయన కూర్చోడు, కుర్చీలో కూర్చుంటే నడుము నొప్పి అంటాడు, సావుకారు ఎదురుగా ఉన్నప్పుడు మాత్రమే వచ్చే నొప్పి అది. నా పక్కన గుడ్డ కప్పిన మిషను, వాడి చూసుకోమని బెంగుళూరు కంపెనీవాళ్లు పంపారు, కంప్యూటరులో నేను రాసిన ప్రోగ్రాము చెప్పినట్టు అట్టలకు కన్నాలు కొడుతుంది. అట్టలంటే ఏమిటో తెలియనివాళ్లు ధర్మవరంలో లేరు గానీ మా కాలేజీలో అందరికీ విడమరిచి చెప్పాల్సి వచ్చింది: చీర మీద బుట్టా పడాలంటే మగ్గం నెత్తిన జకార్డు పెట్టె ఉంటుంది, దానికి అట్టల దండ వేలాడుతుంది, ఒక్కో పేక పోగుకు ఒక్కో అట్ట, అట్టలో కన్నం ఉన్నచోట పడుగు దారం లేస్తుంది, లేనిచోట పడుకుంటుంది. అవును, లేదు, అవును, లేదు. మా జయరాం సార్ ఇది విని కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ఇది కంప్యూటరే గదమ్మా, ఇంట్లో పెట్టుకుని ఈడికొచ్చి నేర్చుకుంటాండావా" అన్నాడు. ఆ అట్టలు కొట్టేది మా నాయన. గ్రాఫు కాగితం చూసుకుంటూ, ఇనప పలక మీద అట్ట పరిచి, మొన ఉన్న గొట్టంతో, కొయ్యసుత్తితో, ఒక్కో కన్నం, నేను పుట్టకముందు నుంచీ. ఆయన వారం కొట్టేదాన్ని ఈ మిషను మనం అన్నం తిని చెయ్యి కడుక్కునేలోపల కొట్టేస్తుంది.

సావుకారు పొద్దున్నే కింద అంగట్లో తేల్చి చెప్పాడు. "ఈ కంప్యూటరు సంగతి నాకేం తెలుసు మ్మా? నరసింహులు చూస్తాడు. నరసింహులు సరే అంటే సరే, మిషను ఉంటాది. తప్పు పట్టినాడంటే రేపే బెంగుళూరు బండెక్కిస్తా, మన పాత పద్ధతే మనకు." మిషను ఉంటే మా నాయనకు పని ఉండదు. ఆ మాట ఎవరూ నోరు తెరిచి అనలేదు, అనాల్సిన పనేముంది, మేకను పిలిచి కత్తి పదునుందో లేదో చూడమన్నట్టే ఉంది. జయరాం సార్ దీన్ని యాక్సెప్టెన్స్ టెస్ట్ అంటాడు. కట్టినవాడు బాగుందంటే చాలదు, ఎవరి కోసం కట్టామో వాళ్లు చూసి ఒప్పుకోవాలి, అప్పుడే పని అప్పజెప్పినట్టు. పుస్తకంలో ఆ పేజీ ఎంత చక్కగా ఉందో. ఒప్పుకునేవాడికి ఏమవుతుందో ఆ పేజీలో లేదు.

పొద్దున వాళ్లు మెట్లెక్కి రాకముందు నేనొక పని చేశాను. చక్రం బుట్టా ప్రోగ్రాములో ఒకచోట ఒక ఈక్వల్ గుర్తు పెట్టాను. అంతే. చక్రం పైసగం, కిందిసగం ఒకటే కాబట్టి సగం బొమ్మే ఇస్తాం, తక్కిన సగానికి కంప్యూటరు అవే అట్టలను వెనక్కి లెక్కపెట్టుకుంటూ వస్తుంది. నడిమి అట్ట మాత్రం ఒక్కసారే రావాలి. 'కంటే తక్కువ' అని ఉన్నచోట 'తక్కువ లేదా సమానం' అని పెడితే నడిమి అట్ట రెండుసార్లు పడుతుంది. మొదటి సంవత్సరం పిల్లలు తెలియక చేసే తప్పు, నేను తెలిసి చేశాను. ఒకే అట్ట రెండుసార్లు పడితే చక్రం నడుము దగ్గర సాగి కోడిగుడ్డవుతుంది; అట్టలు చూసి సావుకారు అది పట్టలేడు, మా నాయన కళ్లు మూసుకుని వేళ్లతో తడిమినా పట్టేస్తాడు. పట్టుకుంటాడు, తప్పుండాది సావుకారూ అంటాడు, మిషను బండెక్కుతుంది, నా ప్రాజెక్టు పోతే పోయింది, ఇంకో ఆర్నెల్లు కాలేజీ మెట్లు తొక్కుతాను. తీసేయాలంటే తీసేయొచ్చు కూడా, కరెంటు వచ్చాక ఫైలు తెరిచి ఒక్క దెబ్బ కొడితే చెరిగిపోతుంది. ఉంచనా, తీసేయనా? ఆలోచించుకోమనే ఈ గంట నాకు ఇచ్చినట్టున్నారు కరెంటోళ్లు, అడక్కుండా ఇచ్చింది ఇదొక్కటే.

జయరాం సార్ మొదటి క్లాసులో బోర్డు మీద మెట్లు గీశాడు, పై నుంచి కిందికి. ఏం కావాలో అడుగు, ఎట్లా కట్టాలో గీయి, కట్టు, పరీక్ష పెట్టు, అప్పజెప్పు, తర్వాత దాని బాగోగులు చూసుకో. దీన్ని వాటర్‌ఫాల్ మోడల్ అంటారు, నీళ్లు మెట్టు మెట్టు దిగినట్టు పని దిగుతుంది, దిగినవి మళ్లీ పైకెక్కవు అన్నాడు. వెనక బెంచీ నుంచి బెళుగుప్ప ఓబుళేసు లేచి, "సార్, మన జిల్లాలో చెరువే నిండదు, జలపాతం యాడ చూసినాం సార్" అన్నాడు. క్లాసంతా నవ్వింది. సార్ కూడా నవ్వి కిటికీలోంచి బుక్కరాయసముద్రం చెరువు వైపు చూశాడు, పగుళ్లిచ్చిన నేల, దాంట్లో ఎవరివో గొర్రెలు, "చూడకపోయినా రాయండప్పా, పరీక్షలో వస్తాది" అన్నాడు. ఆ పొద్దు నేను చాలా నవ్వాను. పైకెక్కవు అన్న మాట అప్పుడు చెవికెక్కలేదు. ప్రాజెక్టు అనగానే మా క్లాసులో సగం మంది హైదరాబాదు పోయి తయారుగా ఉన్నది మూటగట్టుకుని వచ్చారు, పుస్తకాలు లేని గ్రంథాలయ నిర్వహణ, రోగులు లేని ఆసుపత్రి నిర్వహణ, ఒకడి దాంట్లో ఇంకొకడి పేరు కూడా చెరపలేదు. నాకు ఆ స్తోమతూ లేదు, పౌరుషమూ ఒప్పుకోలేదు. నిజమైన యూజర్ని వెతుక్కోండి, వాళ్ల పక్కన కూర్చోండి, వాళ్ల పని వాళ్ల నోటితోనే చెప్పించండి అన్నాడు సార్. వెతుక్కోవడం దేనికి, మా ఇంట్లోనే ఉన్నాడు.

సాయంత్రం సుత్తి పక్కన పెట్టి ఆయన గడప మీద కూర్చునేవాడు, నేను పక్కన చేరేదాన్ని. నాయనా, గ్రాఫులో యాడ మొదలుపెడతావు? అంచు ముందా, బుట్టా ముందా? ఒక కన్నం ఎక్కువ పడితే ఏం చేస్తావు? జన్మలో ఆయన్ను ఎవరూ ఇట్లా అడిగినట్టు లేరు. మొదట సిగ్గుపడ్డాడు, తర్వాత నోరు విప్పాడు, విప్పాక ఆగలేదు. ఎక్కువ పడిన కన్నానికి కాగితం అతికించి మళ్లీ కొట్టడం, తేమ రోజుల్లో అట్ట సాగితే కన్నం జరగడం, నెమలి మెడ దగ్గర గ్రాఫు ఒకటి చెబితే చెయ్యి ఇంకొకటి చేయడం, అన్నీ చెప్పాడు. లోపల రొట్టెలు తడుతూ మా అమ్మ ఓబమ్మ, "ఇన్నేండ్ల కాపురంలో నాతో ఇన్ని మాటలు మాట్లాడలేదు ఈ మనిషి" అని గొణిగేది, ఆమెకు కోపమో సంబరమో తెలిసేది కాదు. ఒక సాయంత్రం ఉన్నట్టుండి, "ఇదంతా దానికి చెబితే అది నా మాదిరే కొడతాదా?" అన్నాడు. నీకంటే బిరీన కొడతాది నాయనా, అన్నాను, నాకు గర్వం. "అప్పుడు నేనేం చేయాల?" కాళ్లు చాపుకుని కూర్చో, అన్నాను. ఆయన అరచేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు, గొట్టం పట్టిన వేలు కణుపు దగ్గర వంకరపోయి ఉంటుంది, నేను ఆ వేలి గురించే అనుకున్నాను, నిజంగా, ఆ వేలికి విశ్రాంతి దొరుకుతుందనే అనుకున్నాను. ఆయన నెమలి తోక సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. ఒక్కటి కూడా దాచుకోలేదు. దాచుకుని ఉండొచ్చు కదా, ఏదో ఒక మెలిక, ఏదో ఒక కిటుకు, ఎవరైనా దాచుకుంటారు, సావుకార్లు దాచుకోరా, మా సార్లు దాచుకోరా?

అమ్మది వజ్రకరూరు పక్క పల్లె. తొలకరి పడిందంటే అక్కడ జనం విత్తనం సంగతి తర్వాత, ముందు వజ్రాలకు తిరుగుతారు, తడిసిన చేలల్లో తలలు వంచుకుని, ఎవరి చేలో ఎవరైనా. మా తాత బతికినన్నాళ్లూ తిరిగి గులకరాళ్లు తెచ్చాడు, శెనక్కాయ వేశాడు, అది ఎండింది, మళ్లీ వేశాడు, మళ్లీ ఎండింది. వానను నమ్ముకున్నోనికి నన్ను ఇయ్యొద్దు, మగ్గాన్ని నమ్ముకున్నోనికి ఇయ్యండి అని అమ్మ పట్టుబట్టి కూర్చుందట. ఇచ్చారు. మగ్గం మీద అయితే రోజూ పని ఉంటుంది, మేఘాన్ని అడగనక్కర్లేదు అని ఆమె నమ్మకం. కన్నాల్లోంచి రాలిన గుండ్రటి అట్టబిళ్లలు మా ఇంట్లో మూలమూలనా ఉండేవి, పిల్లప్పుడు గుప్పిట్లో పట్టుకుని పైకెగరేసేదాన్ని, అన్నంలో పడేవి, జడలో ఇరుక్కునేవి, అమ్మ తిట్టేది, తిడుతూనే ఏరేది. ఆ చప్పుడు లేని ఇల్లు నాకు తెలియదు. టకటక, టకటక, ఆగితే నిద్రలోంచి లేచేదాన్ని, నాయన నీళ్లు తాగడానికి లేచాడని తెలిసి మళ్లీ పడుకునేదాన్ని. మిషను ఉంటే రేపటి నుంచి ఆ చప్పుడు ఉండదు.

రామదాసు మామ గుర్తొచ్చాడు. గుర్తు రాకూడదనే అనుకున్నాను, పొద్దుటి నుంచి పక్కకు తోస్తూనే ఉన్నాను, ఈ ఉక్కలో ఇంక తోయడానికి ఓపిక లేదు. పక్క సందులో ఉండేవాడు, గ్రాఫు గీసేవాడు, ఆయన గీస్తే నాయన కొట్టేవాడు, ఇద్దరూ మాట్లాడుకోవాల్సిన పని కూడా ఉండేది కాదు. కిందటేడు ఇంకో వీధి సావుకారు ఎవరో బొమ్మలు గీసే కంప్యూటరు తెప్పించాడు. మొదట్లో మామ నవ్వాడు, అది ఏనుగు గీస్తే పంది మాదిరుండాది అన్నాడు. తర్వాత పంది మాదిరి లేదు, ఏనుగులాగే ఉంది. పని అడగడానికి అంగడి అంగడీ తిరిగాడు, తిరగడం మానేశాడు, మా ఇంటికి రావడం మానేశాడు, ఒక మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ తన చేతులతోనే ప్రాణం తీసుకున్నాడు. నాయన పాడె ముందు పట్టి మోశాడు. ఇంటికొచ్చి స్నానం చేసి, సుత్తి తీసుకుని పనికి కూర్చున్నాడు, అన్నానికి రమ్మంటే రాలేదు, కొడుతూనే ఉన్నాడు, ఆ రోజు కొట్టిన అట్టలన్నీ తప్పులే, తర్వాత అన్నీ పారేశాడు. అప్పటికే నా ప్రోగ్రాము సగం అయింది. ఆపేద్దామా అని అడగలేదు నేను, అడిగితే ఆపేయమంటాడేమోనని. జవాబు తెలిసిన ప్రశ్నలు అడక్కుండా ఎట్లా తప్పించుకోవాలో ఏ పుస్తకంలోనూ లేదు, అది నాకు పుట్టుకతోనే వచ్చింది.

"ఏమప్పా నరసింహులూ" అన్నాడు సావుకారు, విసనకర్ర ఆపి, పాపం ఆయన చెడ్డవాడేం కాదు, మాట్లాడకుండా కూర్చోలేని మనిషి, "నీ కూతురు నీ పనికే ఎసరు పెడతాండాది గదప్పా?" నాయన నవ్వాడు. "పిల్లోళ్లు తీసేయకపోతే ఇంగెవరు తీసేస్తారు సావుకారూ. బయటోళ్లు తీసేసే కంటే మేలే గదా." సావుకారు కూడా నవ్వి, "నీకేం లేప్పా, అంగట్లో ఏదో ఒకటి చూస్తాంలే, చీరలు మడతలు పెట్టనూ, బస్టాండుకు మూటలు చేర్చనూ" అన్నాడు. నాయన తల ఊపాడు. మూటలు మోయడం. గండభేరుండాన్ని అట్టల్లోకి దించిన మనిషి బస్టాండులో మూట నెత్తిన పెట్టుకుని నిలబడతాడు, సావుకారు దృష్టిలో అది దయ, నిజంగానే దయ, ఇంకొకరైతే అదీ అనరు. నాకు సావుకారు మీద కోపం రాలేదు, వచ్చి ఉంటే బాగుండేది, కోపమంతా ఎటు పోవాలో తెలియక నా మీదికే తిరిగింది. వీధిలో నీళ్ల ట్యాంకరు వచ్చినట్టుంది, బిందెల చప్పుడు, ఆడవాళ్ల అరుపులు, మా అమ్మ గొంతు కూడా వినపడినట్టయింది, మా వీధి ఇక్కడికి చాలా దూరం, ఆమె గొంతు కాదు.

రెండు మాటలు నేర్పాడు జయరాం సార్, పరీక్షలో ఏటా వస్తాయి. వెరిఫికేషన్ అంటే, అనుకున్నట్టు కట్టామా? వాలిడేషన్ అంటే, కట్టాల్సిందే కట్టామా? మొదటిదానికి, ఆ ఈక్వల్ గుర్తు తీసేస్తే, నాకు నూటికి నూరు వేయొచ్చు, గ్రాఫులో ఉన్నది ఉన్నట్టు దిగుతుంది, కన్నం పక్కకు జరగదు. రెండోదాని గురించి ఎవరిని అడగాలి? నేల మీద కూర్చుని పైటపంచెతో విసురుకుంటున్న ఈ మనిషినా? ఈ ఒక్క మిషను వెనక్కి పోతే ఏమవుతుంది, ఇంకో అంగట్లో ఇంకోటి దిగుతుంది, ఏడాదో రెండేళ్లో, అంతేగా. ఏడాది తక్కువా? ఏడాదిలో నాకు ఏదో ఒక ఉద్యోగం వస్తుంది, అప్పుడు ఆయనే సుత్తి దించొచ్చు, ఎవరూ లాక్కోకుండా. తప్పు పట్టేది ఆయనే కాబట్టి సావుకారుకు ఇంకో సంగతి కూడా తెలుస్తుంది, ఎంత కంప్యూటరైనా నరసింహులు చూడందే నడవదని. మర్యాద మిగులుతుంది. నాకు ఈ లెక్క ఎంత బాగుందో, ఎంత సుఖంగా ఉందో. ప్రోగ్రాము రాసేటప్పుడు కూడా ఇట్లాంటి సుఖం కలిగిందంటే ఏదో మరిచిపోయానని అర్థం, కానీ ఏం మరిచానో వెతకడానికి టైము లేదు, కిర్రుమని ఫ్యాను కదిలింది, కరెంటు వచ్చింది.

కంప్యూటరు ఆన్ చేశాను. లేవడానికి ఎంతసేపు తీసుకుంటుందో, ముసలిదానిలా గొణుక్కుంటూ లేచింది. నీలం తెర, ఫైలు తెరిచాను, ఆ వరస దగ్గరికి పోయాను, ఈక్వల్ గుర్తు కూర్చునే ఉంది, దాని పక్కన కర్సరు ఆరుతూ వెలుగుతూ ఉంది. ఒక్క దెబ్బ. వెనక సావుకారు వచ్చి నిలబడ్డాడు, ఆయన ఊపిరి జడ మీద తగులుతోంది. "ఊ, కానీ మ్మా." కానిచ్చాను. ఉంచేశాను. మిషను గుడ్డ తీసి, కొత్త అట్టలు పెట్టి, ఎంటర్ కొట్టాను, అది టపటపటపమని మొదలుపెట్టింది, నాయన సుత్తిలా కాదు, ఊపిరి తీసుకోకుండా, బిళ్లలు కింద డబ్బాలోకి రాలుతున్నాయి. ఆ చప్పుడుకు నాయన లేచి నిలబడ్డాడు. దగ్గరికొచ్చి, మిషను వైపు ఎగాదిగా చూశాడు, పుట్టిన బిడ్డను చూడ్డానికి వచ్చిన పెద్దమనిషిలా చేతులు వెనక్కి కట్టుకుని. బాగుండాది, అన్నాడు, ఎవరితోనూ కాదు.

అట్టలు అన్నీ పడ్డాక దొంతి తీసి ఆయన చేతికిచ్చాను. మళ్లీ నేల మీద కూర్చున్నాడు, పైటపంచె ఒళ్లో పరుచుకుని, దొంతి దాని మీద పెట్టుకుని, ఒక్కో అట్ట ఎత్తి కిటికీ వెలుతురుకు చూపి, వేలితో తడిమి, ఎడమ పక్కన పెడుతున్నాడు. చక్రం పైఅంచు, ఆకులు, లోపలి వలయం. నేను ఆయన వేలినే చూస్తున్నాను. నడిమి అట్ట ఎత్తాడు, చూశాడు, పెట్టాడు. తర్వాతది ఎత్తాడు. వేలు ఆగింది. పెట్టినదాన్ని మళ్లీ తీసి రెండూ పక్కపక్కన పట్టి చూశాడు. ఇప్పుడు అంటాడు, ఇప్పుడు. ఆయన తల ఎత్తి సావుకారు వైపు చూడలేదు, నా వైపు చూశాడు. అట్లాంటి చూపు నేనెప్పుడూ చూడలేదు, జాలి, ఒట్టి జాలి, బడిలో అందరి ముందూ పలక జారవిడిచిన పిల్లను చూసినట్టు. సావుకారు కిటికీలోంచి ట్యాంకరు వాడితో ఏదో అరుస్తున్నాడు. నాయన రెండో అట్టను ఒళ్లోని పంచె మడతలోకి జార్చాడు, పంచెను దాని మీదికి లాక్కున్నాడు, తర్వాతి అట్ట ఎత్తాడు. ఆఖరిది దాకా అంతే నిదానంగా చూశాడు. దొంతి సరిచేసి, రెండు చేతులా పట్టుకుని లేచి, సావుకారుకు ఇచ్చాడు. "సరిగ్గుండాది సావుకారూ. ఒక్క తప్పు లేదు. నా దానికన్నా శుద్ధంగుండాది." సావుకారు నా భుజం తట్టాడు, కిందికి పోయి బెంగుళూరుకు ఫోను చేసి మిషను ఇక్కడే ఉంటుందని చెప్పాడు, మెట్ల మీది నుంచి అంతా వినపడింది.

నాయన, నేను వీధిలోకి వచ్చాం. ఎండ కాళ్ల కింద కాలుతోంది, మగ్గాల చప్పుడు ప్రతి గడపలోంచీ వస్తోంది, సందు మలుపు తిరిగి, ఎవరూ లేరని చూసుకుని, పంచె మడతలోంచి అట్ట తీసి నాకిచ్చాడు. "నడిమిది రెండుసార్లు పడింది మ్మా. సావుకారు చూల్లేదులే. ఇంటికి పోయి సరిచేసుకో, రేపు పరీక్షకొచ్చే సార్లు అయితే పట్టుకుంటారు." నేను అట్ట పట్టుకుని నిలబడిపోయాను. ఎందుకు చెప్పలేదు నాయనా, తప్పు పట్టమనే కదా నిన్ను కూర్చోబెట్టింది, అన్నాను. "యాడైనా చెబుతారా మ్మా" అన్నాడు, నేనే ఏదో తెలివితక్కువ మాట అన్నట్టు. "ఇన్నేండ్లు నాకు అన్నం పెట్టిన ఆయప్ప ముందర, నా కూతురు సదువుకునొచ్చి తప్పు చేసిందని నా నోటితో ఎట్ల చెబుతా?" కావాలనే పెట్టాను నాయనా, నీ కోసమే పెట్టాను అన్న మాట నాలుక చివరికి వచ్చింది. చెబితే కూతురి పరువు కోసం పని వదులుకున్నానన్న తృప్తి కూడా ఆయనకు మిగలదు, ఉత్త పుణ్యానికి పోగొట్టుకున్నానని తెలిసిపోతుంది, పని ఎట్లాగూ పోయింది, ఆ ఒక్కటైనా ఆయనకు ఉండనీ. నా కళ్లు నిండడం చూసి ఆయన ఇంకోలా అనుకున్నాడు. "దానికేముండాది మ్మా, నేను కూడా మొదట్లో ఎన్ని పాడు చేసినానో" అని, వంకర వేలితో నా చెంప తుడిచి, "పెద్ద తప్పా అది?" అని అడిగాడు. చిన్నదే నాయనా, అన్నాను. "అయితే ఇంగ దిగులెందుకు, పద, మీయమ్మ అన్నానికి కాచుకోనుంటాది" అని ఆయన ముందు నడిచాడు.